వెబ్‌సాకెట్ జోలికి వెళ్లేముందు ఎస్‌ఎస్‌ఈ పెట్టి చూడండి

సర్వర్‌లో డేటా మారగానే బ్రౌజర్‌లోనూ మారాలి అనగానే మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు వెబ్‌సాకెట్ (ఒకే కనెక్షన్ మీద బ్రౌజర్, సర్వర్ రెండూ ఎప్పుడంటే అప్పుడు పంపుకునే పద్ధతి) అంటారు. నేను అడిగేది ఒక్కటే: బ్రౌజర్ కూడా సర్వర్‌కి ఎడతెగకుండా ఏమైనా పంపాలా? చాట్, ఇద్దరు ఆడే గేమ్ అయితే వెబ్‌సాకెట్టే సరి. స్కోరు, ఆర్డర్ స్టేటస్, డాష్‌బోర్డ్ లాంటివాటిలో కబురు ఒకవైపే వెళ్తుంది. వాటికి సర్వర్-సెంట్ ఈవెంట్స్ (ఎస్‌ఎస్‌ఈ) చాలు. అది మామూలు హెచ్‌టీటీపీయే, కాకపోతే రెస్పాన్స్ ముగియదు.

సర్వర్‌లో ఒక యూఆర్‌ఎల్ పెట్టండి. దాని కంటెంట్-టైప్ టెక్స్ట్/ఈవెంట్-స్ట్రీమ్ అని ఉండాలి. కనెక్షన్ మూయకుండా, కొత్త సంగతి వచ్చినప్పుడల్లా ‘డేటా:’ అని మొదలుపెట్టి ఒక లైను రాసి, కింద ఖాళీ లైను వదలండి. ఆ ఖాళీ లైను అందేదాకా ఈవెంట్ పూర్తయినట్టు బ్రౌజర్ లెక్కేయదు. ‘పంపుతూనే ఉన్నా, అక్కడ ఏమీ రావట్లేదు’ అని ఎవరైనా వస్తే నేను ముందు చూసేది దాన్నే. డేటాను జేసన్ రూపంలో రాస్తే, దాన్ని ఒకే లైనులో పంపితే గొడవ ఉండదు.

బ్రౌజర్‌లో ఆ యూఆర్‌ఎల్‌తో ఈవెంట్‌సోర్స్ ఆబ్జెక్ట్ సృష్టించి, ఆన్‌మెసేజ్‌లో డేటా అందుకోండి. లైబ్రరీ అక్కర్లేదు.

మీ మెషీన్‌లో చక్కగా పనిచేసింది సర్వర్ మీదికి వెళ్లాక ఆగిపోతే, అనుమానం ముందుగా మధ్యలో ఉన్న ప్రాక్సీ (బ్రౌజర్ రిక్వెస్టులను మీ సర్వర్‌కి అందించే ప్రోగ్రామ్) మీద పడాలి. అలాంటి ప్రాక్సీయే అయిన ఎన్‌జింక్స్ మామూలుగా రెస్పాన్స్‌ని బఫర్‌లో పోగేస్తుంది. ఎక్స్-ఆక్సెల్-బఫరింగ్ హెడర్‌ని ‘నో’ అని పంపితే ఆ రెస్పాన్స్‌కి బఫరింగ్ ఆపేస్తుంది. జీజిప్ (రెస్పాన్స్‌ని కుదించి పంపడం) కూడా ఇలాగే సతాయించవచ్చు. తేల్చుకోవాలంటే టెర్మినల్‌లో వాడే కర్ల్ టూల్‌కి మైనస్ పెద్ద ఎన్ (-N) ఆప్షన్ ఇచ్చి ఆ యూఆర్‌ఎల్ తెరవండి. లైన్లు ఒక్కొక్కటిగా కాక గుంపుగా వచ్చి పడితే, ఎవరో మధ్యలో పట్టి ఉంచుతున్నట్టే. ఇంకొకటి: 60 సెకన్లు సర్వర్ నుంచి ఏమీ రాకపోతే ఎన్‌జింక్స్ కనెక్షన్ తెంపేస్తుంది, దాని డిఫాల్ట్ అది. అందుకని 15 సెకన్లకోసారి కోలన్‌తో మొదలయ్యే లైను ఒకటి పంపుతూ ఉండండి. బ్రౌజర్ దాన్ని కామెంట్‌గా తీసిపారేస్తుంది.

కనెక్షన్ తెగితే బ్రౌజర్ తనంతట తానే మళ్లీ కలుపుకుంటుంది. ఈవెంట్‌తో ‘ఐడీ:’ లైను కూడా పంపి ఉంటే, చివరగా అందిన ఐడీని లాస్ట్-ఈవెంట్-ఐడీ హెడర్‌లో తిరిగి చెబుతుంది. మధ్యలో పోయినవి అక్కడి నుంచి పంపడం మీ పని. ఈ తతంగం అందరికీ అవసరం లేదు. స్కోరు లాంటిదైతే కనెక్ట్ అవగానే ఇప్పటి స్థితి మొత్తం ఒకసారి పంపేయండి, పాతవి ఎవరికి కావాలి?

అయితే ‘తనంతట తానే’ అన్న మాటను మరీ నమ్మొద్దు. కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు ప్రాక్సీ 502 (వెనకున్న సర్వర్ సరిగా పలకలేదనే ఎర్రర్) ఇచ్చిందనుకోండి, ఈవెంట్‌సోర్స్ ఇక ప్రయత్నించదు. స్పెసిఫికేషన్‌లోనే అలా ఉంది. పేజీ తెరిచే ఉంటుంది, అంకెలు మాత్రం కదలవు, చూసేవాళ్లకి ఆ సంగతి తెలియదు. ఇదే నాకు అసలు టెన్షన్. ఆన్‌ఎర్రర్‌లో రెడీస్టేట్ చూసి, 2 అని (అంటే కనెక్షన్ పూర్తిగా మూసేసినట్టు) ఉంటే కొన్ని సెకన్లాగి కొత్త ఆబ్జెక్ట్ సృష్టించండి. అందరూ ఒకేసారి మీద పడకుండా ఆ ఆగే సమయం ఒక్కో బ్రౌజర్‌కి ఒక్కోలా ఉండాలి.

ఈవెంట్‌సోర్స్‌తో సొంత హెడర్లు పంపలేం కాబట్టి లాగిన్ కుకీతోనే నడపండి. టోకెన్‌ని యూఆర్‌ఎల్‌లో పెడితే అది లాగ్‌లకెక్కుతుంది. హెచ్‌టీటీపీ 1.1 మీద బ్రౌజర్లు ఒక సైటుకి 6 కనెక్షన్లకు మించి తెరవవు, ఏడో ట్యాబ్ వేలాడుతుంది. హెచ్‌టీటీపీ 2 పెడితే ఈ ఇబ్బంది ఉండదు.

సర్వర్లు ఒకటికి మించి ఉంటే మధ్యలో రెడిస్ పబ్-సబ్ (ఒక సర్వర్ కబురును మిగతావాటికీ చేరవేసే ఏర్పాటు) పెట్టండి. ట్యాబ్ మూసేసినవాళ్లను కనెక్షన్ క్లోజ్ అవగానే సర్వర్‌లో ఉన్న కనెక్షన్ల జాబితాలోంచి తీసేయండి, లేకపోతే మెమరీ పెరుగుతూ పోతుంది. ఇక పంపాల్సిందేమీ లేనప్పుడు ఊరికే కనెక్షన్ మూస్తే బ్రౌజర్ మళ్లీ వస్తుంది. అప్పుడు 204 (పంపడానికేమీ లేదనే కోడ్) ఇస్తే ఇక రాదు. పైన చెప్పిన ఆన్‌ఎర్రర్ కోడ్ మీరు రాసి ఉంటే అది 204నీ 502నీ వేరుగా గుర్తించలేదు కాబట్టి, ముందే ‘అయిపోయింది’ అని ఒక ఈవెంట్ పంపి, అది అందగానే బ్రౌజర్‌లో క్లోజ్ పిలవండి.