ఆఖరి లెవెల్ చేరాక ఆ గేమ్‌లో ఉండాలా, వదిలేయాలా: ఎలా తేల్చుకోవాలి?

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఆఖరి లెవెల్ (మన పాత్ర ఇక పెరగని హద్దు) చేరిన వారానికే “ఇంక ఇందులో ఏమీ లేదు” అని వదిలేసినవారు విజయవాడ, గుంటూరు మిత్రుల్లో నాకు చాలామంది తెలుసు. ఏమీ మిగలలేదని మనసుకు తెలిసినా ఏళ్ల తరబడి రోజూ లాగిన్ అయ్యేవారూ తెలుసు. ఇరువురిదీ ఒకటే పొరపాటు. ఆ దశలో ఆట తమకు నిజంగా ఏమిస్తోందో వారు పరీక్షించి చూసుకోలేదు. ఆ పరీక్షకు ఒక్క నెల చాలు.

కావలసినవి కొద్దే: ఓ మోస్తరు కంప్యూటర్, వైఫై కాకుండా కేబుల్‌తో కలిపిన నెట్, రూటర్‌కు కూడా కరెంటు అందించే ఇన్వర్టర్, ఒక రూళ్ల నోటుబుక్, పెన్ను. నోట్స్ ఫోన్‌లో రాసుకోకూడదు. ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఆ గేమ్ గురించిన వీడియోలు కంటపడతాయి, ఎవరి అభిప్రాయమో మన పుస్తకంలోకి వచ్చి చేరుతుంది. ఇక లెవెల్ పెంచుకోవడం గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. కథ చదువుతూ వెళ్లండి, డబ్బు పెట్టి లెవెల్ కొనకండి.

మొదట, మీ గేమ్ ఏ కోవకు చెందిందో తెలుసుకోండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చినప్పుడు ఆఖరి లెవెల్ 60. నలభై మంది కూడితే తప్ప కదలని రెయిడ్లలో (జట్టుగా చేసే పెద్ద పోరాటాల్లో) నెలల తరబడి సంపాదించిన గేర్‌లో, అంటే ఆయుధాలూ కవచాల్లో, చాలా భాగం, 2007లో పరిమితి 70కి పెరగగానే, ఆట అప్పగించే మామూలు పనుల్లో (క్వెస్టుల్లో) దొరికే వస్తువుల ముందు వెలవెలబోయింది. దీనికి భిన్నంగా గిల్డ్ వార్స్ 2లో 2012 నుంచీ ఆఖరి లెవెల్ 80 దగ్గరే ఉంది. ఒకసారి సమకూర్చుకున్న ఉత్తమమైన గేర్ ఏళ్లు గడిచినా పనికి వస్తుంది. రూన్‌స్కేప్‌ది మరో దారి. అక్కడ ఒక నైపుణ్యంలో 99వ లెవెల్ చేరడానికి 1,30,34,431 అనుభవ పాయింట్లు కావాలి, అందులో సగం దూరం 92వ లెవెల్ దగ్గరే వస్తుంది. అంటే ఆ ఆటలో లెవెళ్లు ఎక్కే నడకే ఎండ్‌గేమ్ (ఆఖరి దశ ఆట). ఎప్పటికప్పుడు అంకె పెరుగుతుంటే తృప్తిపడే మనిషి గిల్డ్ వార్స్ 2లో విసిగిపోతాడు, కూడబెట్టినది పోతే ఓర్వలేని మనిషి వార్‌క్రాఫ్ట్‌లో బాధపడతాడు. ఇందులో ఏ గేమ్‌నూ తప్పుపట్టవలసిన పని లేదు.

తర్వాత వేళ చూసుకోండి. యూరప్ గిల్డుల్లో (కలిసి ఆడేవారి సంఘాల్లో) రాత్రి ఎనిమిదికి మొదలయ్యే రెయిడ్, వారి చలికాలంలో మనకు అర్ధరాత్రి పన్నెండున్నర అవుతుంది. నేను పటమటలో ఉంటూ నాలుగు నెలలు అలా మేలుకున్నాను. చివరికి నాకు ఆట మీద విసుగు పుట్టిందో, నిద్రలేమి వల్ల విసుగు పుట్టిందో తేల్చుకోలేక ఆ నెలలన్నీ వృథా అయ్యాయి. వార్‌క్రాఫ్ట్‌కూ ఫైనల్ ఫాంటసీ 14కూ ఓషియానియా సర్వర్లు ఉన్నాయి. సిడ్నీలో రాత్రి ఎనిమిది అంటే మనకు మధ్యాహ్నం మూడున్నర, అక్కడ వేసవిలో గడియారం ముందుకు జరిపినప్పుడు రెండున్నర. ఆదివారం భోజనం చేసి కూర్చోవడానికి ఇంతకన్నా మంచి వేళ లేదు. వారానికి మూడు పూటలకు మించి ఆడకూడదు. ఇది నియమంగానే పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. దీన్ని నేను ఖాళీ వారం అంటాను. అందరూ పాడుచేసేది ఇక్కడే కనుక నెమ్మదిగా చదవండి. దాదాపు ఈ ఆటలన్నీ వారానికి ఇంత అని బహుమతులకు హద్దు పెట్టి, ఒక నిర్ణీత సమయంలో దాన్ని తిరిగి తెరుస్తాయి. ఫైనల్ ఫాంటసీ 14లో అది మన కాలమానంలో మంగళవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు జరుగుతుంది. గిల్డ్ వార్స్ 2 రెయిడ్లకు సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆ వారానికి రావలసినదంతా మొదటి రెండు పూటల్లో తీసేసుకోండి. మూడో పూట, ఇక మీకు ఏమీ రాదని తెలిసి కూడా, అదే స్థాయి ఆట ఆడండి. వరుసగా మూడు వారాలు ఇలా చేయాలి. ఒక్క వారంతో తేల్చినది లెక్కకు రాదు.

ఎలాంటి మూడో పూట ఎంచుకుంటారనేదే కీలకం. గిల్డ్ వార్స్ 2లో గెలిచిన బాస్ (రెయిడ్‌లోని పెద్ద శత్రువు) దగ్గరికే కొత్తవారిని తీసుకువెళ్లవచ్చు. కానీ ఫైనల్ ఫాంటసీ 14లో కొత్తగా వచ్చిన సావేజ్ (బాగా కఠినమైన) రెయిడ్‌కు ఆ వారం గెలిచినవారు మళ్లీ వెళితే, జట్టు మొత్తానికీ వచ్చే బహుమతి పెట్టెలు తగ్గే నియమం చాలాకాలం ఉండేది, ఇప్పుడు ఎలా ఉందో ముందే చూసుకోండి. ఆ నియమం ఉంటే, సాయం చేయబోయి ఎనిమిది మంది జట్టులో మిగతా ఏడుగురి నోటి దగ్గర కూడు తీసినవారవుతారు. అక్కడ ఇంకా గెలవని బాస్‌ను సాధన చేయండి, లేదా పాత రెయిడ్‌లో కొత్తవారికి తోడు వెళ్లండి. కొత్త ప్యాచ్ (ఆటకు కొత్త భాగాలు చేర్చే అప్‌డేట్) వచ్చిన వారంలో ఈ పరీక్ష పెట్టుకోవద్దు, అప్పుడు అంతా తీపిగానే ఉంటుంది. పూర్తిగా అపరిచితులతో కూడా వద్దు. నోరు పారేసుకునే ఒక్క మనిషి తగిలితే ఆ పూట మీరు తూచినది అతని ప్రవర్తనను, ఆటను కాదు.

ఆట ముగిసిన వెంటనే, లేవకముందే, ఆ పూట గురించి ఒకే ఒక్క వాక్యం రాయండి. ఎన్ని గంటలు ఆడారో రాయవద్దు, పదికి ఎన్ని మార్కులో అసలే వద్దు. గంటలు లెక్కపెట్టే పద్ధతిని చాలామంది మెచ్చుకుంటారు కానీ, అలవాటు కొద్దీ కూర్చున్న గంటకూ ఇష్టంగా కూర్చున్న గంటకూ దానిలో తేడా తెలియదు. వాక్యంలో తెలుస్తుంది. నా పుస్తకంలో ఒక పేజీలో ఇలా ఉంది: “పదకొండుసార్లు చచ్చాం, ఎనిమిదోసారి నుంచి రెండో వలయంలో ఎటు నిలబడాలో నా కాళ్లకే తెలిసిపోయింది.” మరో గేమ్ ఆడిన నాటి పేజీలో: “ఉంగరం వచ్చింది, పాతదానికన్నా పది ఎక్కువ.” ఆ రెండో పేజీ తిప్పి చూస్తే ముందు వారం వాక్యమూ ఉంగరం బదులు చెప్పులతో అచ్చంగా అలాగే ఉంది. ఆ గేమ్‌ను ఆ నెలాఖరుకు ఆపేశాను.

స్నేహం వల్ల కలిగే మరో చిక్కును కూడా విడదీయాలి. బ్రాడీపేటలో ఉండే నా మిత్రుడి వాక్యాలన్నిటిలో మనుషులే కనిపించేవారు: ఎవరు ఏం చెప్పారు, ఎవరింట్లో పెళ్లి కుదిరింది. ఒక పూట లాగిన్ కాకుండా, గిల్డ్‌వారితో వాయిస్ చాట్‌లో మాత్రం కూర్చోమన్నాను. అతనికి ఏ లోటూ అనిపించలేదు. అతనికి కావలసింది ఆ మనుషులే కనుక వారితో మాట్లాడటం కొనసాగించి, సబ్‌స్క్రిప్షన్ ఆపేశాడు. లోటు అనిపించి ఉంటే, ఆట అతనికి ఇంకా ఏదో ఇస్తున్నట్లే.

మూడు వారాల మూడో పూటల వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి. వాటిలో కనీసం రెండు మీరు చేసిన పని గురించో, నేర్చుకున్న దాని గురించో అయితే ఆ ఆటలోనే ఉండండి, మరో ఆరు నెలల దాకా ఈ ప్రశ్న మళ్లీ వేసుకోవద్దు. వచ్చిన వస్తువు గురించో, రాని వస్తువు గురించో అయితే ఆపేయండి. ఆపేటప్పుడు క్యారెక్టర్‌ను డిలీట్ చేయకండి. సబ్‌స్క్రిప్షన్ రెన్యూ అయ్యే తేదీకి ముందే రద్దు చేయండి. గిల్డ్ నుంచి వాడుకోవడానికి తెచ్చుకున్న సామాను తిరిగి ఇచ్చేయండి. రెయిడ్ లీడర్‌కు వారం ముందే స్వయంగా చెప్పండి. ఎనిమిది మంది జట్టులో చెప్పకుండా ఒకరు మానేస్తే మిగతా ఏడుగురి ఆదివారం పోతుంది.