కోతల కాలంలో విజ్ఞానశాస్త్ర విభాగాన్ని నడపడం: కొత్త విభాగాధిపతికి సూచనలు

బడ్జెట్‌లో కోత పడిందన్న ఉత్తర్వు అందగానే చాలామంది విభాగాధిపతులు ఆ శాతాన్ని అన్ని ప్రయోగశాలలకూ సమానంగా పంచేస్తారు. చూడడానికి అది న్యాయంగా ఉంటుంది, ఎవరూ ప్రత్యేకంగా నొచ్చుకోరు, సమావేశమూ అరగంటలో ముగుస్తుంది. అయితే ఆ పద్ధతిలో బలంగా ఉన్న పని బలహీనపడుతుంది, ఎప్పుడో ఆపవలసిన పని కొనఊపిరితో సాగుతూనే ఉంటుంది. కోత ఎంత అన్నది మీ చేతిలో ఉండకపోవచ్చు గాని, ఎక్కడ అన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. ఆ నిర్ణయానికి నా దృష్టిలో ఒకటే గీటురాయి: దీన్ని ఇప్పుడు ఆపితే, డబ్బు వచ్చాక మళ్లీ మొదలుపెట్టగలమా?

అంతకంటే ముందు పద్దులు చదవడం నేర్చుకోవాలి. గత మూడేళ్ల ఖర్చుల వివరాలు తెప్పించుకుని, లెక్కల విభాగంలో ఆ పద్దులు రాసే ఉద్యోగినే పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి వరుసకూ అర్థం అడిగి తెలుసుకోండి. ఖర్చులో సింహభాగం జీతాలే కావడం వల్ల కోత భారం మిగిలిన చిన్న ముక్కపై పడుతుంది. ఉదాహరణకు వందలో 85 పాళ్లు జీతాలకు పోతున్నాయనుకుంటే, మొత్తంపై 5 శాతం కోత అంటే రసాయనాలు, మరమ్మతులు, విద్యార్థుల ప్రయోగాలు వంటివన్నీ నడిచే ఆ 15 పాళ్లలో మూడో వంతు పోయినట్టే. పై అధికారులతో మాట్లాడేటప్పుడు చెప్పవలసింది ఈ మూడో వంతు లెక్కే, ఎందుకంటే 5 శాతం అన్న మాట వినడానికి ఎవరికీ పెద్దగా అనిపించదు.

ఇక గీటురాయి సంగతి. అణువుల నిర్మాణాన్ని తెలిపే ఎన్‌ఎంఆర్ యంత్రంలోని అతివాహక (విద్యుత్ నిరోధమే లేని) అయస్కాంతం సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. ఈ ఏడాదికి హీలియం నింపడం వాయిదా వేద్దామంటే కుదరదు. మట్టం పడిపోతే అయస్కాంతం అతివాహకతను కోల్పోతుంది, మిగిలిన హీలియమంతా నిమిషాల్లో ఆవిరైపోతుంది, కొన్నిసార్లు అయస్కాంతమే పాడవుతుంది. మనుషుల విషయంలోనూ ఇంతే. గాజు పరికరాలు చేసి, అతికించి ఇచ్చే పనివాడి పోస్టును రద్దు చేస్తే కాగితం మీద ఒక జీతం మిగులుతుంది, కాని ఆ చేతి నైపుణ్యం ప్రకటన ఇచ్చినంత మాత్రాన తిరిగి రాదు. విభాగాలు అన్నిటికంటే ఎక్కువగా పశ్చాత్తాపపడేది సాంకేతిక సిబ్బందిని పోగొట్టుకున్నందుకేనని నా నమ్మకం.

దీనికి భిన్నంగా, నిశ్చింతగా తగ్గించదగిన ఖర్చు కళ్లెదుటే ఉంటుంది. ఏదైనా ఒక డీప్ ఫ్రీజర్ తలుపు తీసి చూడండి: మంచు పేరుకున్న అరల్లో, సిరా చెరిగిపోయిన చీటీలతో, ఎప్పుడో పట్టా తీసుకుని వెళ్లిపోయిన విద్యార్థుల పెట్టెలు కనిపిస్తాయి. వాటి సొంతదారులెవరో తేల్చి, అక్కరలేనివి భద్రతా నియమాల ప్రకారం పారవేస్తే మూడు ఫ్రీజర్లలోని సరుకు రెండింటిలో సర్దుకోవచ్చు. నమూనాల స్వభావం అనుమతించిన చోట ఉష్ణోగ్రతను మైనస్ 80 నుంచి మైనస్ 70 డిగ్రీల సెల్సియస్‌కు మార్చితే ఆ ఫ్రీజర్ వాడే విద్యుత్తు సుమారు 30 శాతం తగ్గుతుంది. హానికర వాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ల అద్దాన్ని పని లేనప్పుడు కిందికి దించడం, రసాయనాల ఉమ్మడి జాబితా ఉంచి ఒకే సీసాను నాలుగు ప్రయోగశాలలు విడివిడిగా కొనకుండా చూడడం కూడా ఈ కోవలోనివే. అయితే విద్యుత్తు బిల్లును విశ్వవిద్యాలయం కేంద్రంగా చెల్లిస్తుంటే ఆ ఆదా మీ పద్దులో కనపడదు కాబట్టి, అందులో కొంత వాటా విభాగానికి దక్కేలా ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి.

తక్కువ మంది విద్యార్థులున్న ఐచ్ఛిక కోర్సులను ఎత్తివేయమని తప్పకుండా ఎవరో ఒకరు సూచిస్తారు. బోధించేది శాశ్వత అధ్యాపకుడే అయితే దాని వల్ల మిగిలేది ఆయన సమయమే గాని డబ్బు కాదు. ఆ సమయాన్ని దేనికి వాడబోతున్నారో తెలిస్తేనే ఎత్తివేయండి.

సిబ్బందికి విషయం చెప్పడంలో ఆలస్యం చేయకూడదు. వదంతి మీకంటే ముందే నడుస్తుంది. అంకెలన్నీ ఒకే పట్టికగా అందరి ముందూ పెట్టి, ఏది ఖరారైందో, ఏది ఇంకా చర్చలో ఉందో వేరువేరుగా చెప్పండి. ఉద్యోగాలు పోవన్న హామీ మీ అధికారంలో లేకపోతే దాన్ని ఇవ్వకండి. కాలపరిమితి ఒప్పందాల మీద ఉన్నవారితో సమావేశానికి ముందే, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి.

పునరుద్ధరణ కోతలు ముగిశాక మొదలయ్యే పని అనుకోవడం పెద్ద పొరపాటు. నియామకాలు నిలిచిపోయిన కాలంలో ఎవరు ఎప్పుడు పదవీ విరమణ చేశారన్న యాదృచ్ఛికతే విభాగం రూపాన్ని నిర్ణయిస్తుంది. అందుకే ఖాళీ అయిన ప్రతి పోస్టూ పాత ఉపశాఖకే చెందుతుందన్న ఆనవాయితీని వదిలి, విభాగమంతటికీ ఉమ్మడిగా ఉంచి, రాబోయే మూడు నియామకాలు ఏ రంగాల్లో జరగాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆ పత్రం ఆత్మరక్షణకు కూడా పనికివస్తుంది. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2004లో రసాయనశాస్త్ర విభాగాన్ని మూసివేయాలని నిర్ణయించినప్పుడు, నోబెల్ గ్రహీత హ్యారీ క్రోటో తన గౌరవ పట్టాను తిరిగి ఇచ్చేస్తానన్నా ఆ నిర్ణయం మారలేదు. 2006లో అక్కడి ససెక్స్ విశ్వవిద్యాలయంలో అటువంటి ప్రతిపాదనే వచ్చి, విద్యార్థుల, శాస్త్రవేత్తల తీవ్ర నిరసన తర్వాత వెనక్కి వెళ్లింది. ప్రతిపాదన బయటపడ్డాక వాదన సిద్ధం చేసుకోవడానికి దొరికే వ్యవధి తక్కువ. ఇతర విభాగాల విద్యార్థుల్లో ఎందరికి మీరు పాఠం చెబుతున్నారో, మీ పరికరాలను ఇంకెవరు వాడుతున్నారో ఏటా లెక్కగట్టి ఉంచుకోండి.

మొదటి ఏడాది నుంచే, ఎంత చిన్నదైనా సరే, ఆదాలో ఒక భాగాన్ని కొత్త పనికి విడిగా తీసిపెట్టండి. దాన్ని యంత్రం మీద పెట్టాలన్న ఉబలాటం సహజమే గాని, వచ్చే ఏడాది విరమించబోయే సాంకేతిక నిపుణుడి పక్కన ఆరు నెలల ముందే ఒక శిక్షణార్థిని కూర్చోబెట్టడానికి నేనైతే ఆ మొదటి డబ్బును ఖర్చు పెడతాను.