కంప్యూటర్‌కు పవర్డ్ స్పీకర్లను సరిగా కలిపి ఇంట్లో మంచి శబ్దం రాబట్టడం ఎలా

పవర్డ్ స్పీకర్ అంటే యాంప్లిఫయర్‌ను తన పెట్టెలోనే ఇముడ్చుకున్న స్పీకర్. మామూలు స్పీకర్‌కు బయట వేరే యాంప్లిఫయర్ కావాలి. పవర్డ్ స్పీకర్‌కైతే కరెంటు ప్లగ్గు, కంప్యూటర్ నుంచి వచ్చే కేబులు ఉంటే చాలు. అయితే మంచి జతను ఎంచి కొన్న తరువాత కూడా చాలా ఇళ్లలో పాట పలచగానో, కింది స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మసకగానో, వెనుక సన్నని గుయ్యిమనే శబ్దంతోనో వినిపిస్తుంది. అలాంటప్పుడు లోపం స్పీకర్‌లో ఉండడం అరుదు. అది కలిపిన కేబుల్‌లోనో, కంప్యూటర్ సెట్టింగుల్లోనో, అన్నిటికంటే ఎక్కువగా స్పీకర్లను నిలిపిన చోటులోనో ఉంటుంది. ఇంకా ఖరీదైన పరికరం కోసం వెతకడానికి ముందు ఈ మూడింటినీ సరిచూసుకోవాలి; వీటిలో చాలా పనులకు ఖర్చే లేదు.

మొదట స్పీకర్ వెనుక భాగాన్ని పరిశీలించండి. ఎడిఫైయర్ ఆర్1280టీ వంటి ఇంటి వాడకపు జతల్లో రెండు పెట్టెలూ ముందు నుంచి ఒకేలా కనిపించినా యాంప్లిఫయర్ ఒకదానిలోనే ఉంటుంది. కంప్యూటర్ కేబుల్ దానికే వస్తుంది, అక్కడి నుంచి రెండో పెట్టెకు స్పీకర్ వైరు వెళుతుంది. ఆ వైరును కలిపేటప్పుడు ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు పడాలి. తారుమారైతే ఒక స్పీకర్ కోన్ (ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం పుట్టించే పొర) ముందుకు వచ్చే క్షణంలో రెండోది వెనక్కి పోయి, రెండింటి మంద్ర స్వరాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మృదంగం, బేస్ గిటార్ బలహీనపడి, గొంతు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియకుండా పోతే ముందుగా అనుమానించవలసింది ఈ వైరునే. యమహా హెచ్‌ఎస్5, జేబీఎల్ 305పీ వంటి స్టూడియో మానిటర్లలో (రికార్డింగ్ పని కోసం చేసిన స్పీకర్లలో) మాత్రం ప్రతి పెట్టెకూ సొంత యాంప్లిఫయర్, సొంత కరెంటు తీగ, సొంత ఇన్‌పుట్ ఉంటాయి, కాబట్టి ఎడమకు ఒక కేబుల్, కుడికి ఒక కేబుల్ విడివిడిగా వెళ్లాలి.

మొదటి రకం స్పీకర్లకు సాధారణంగా ఆర్‌సీఏ సాకెట్లు (ఒక్కో చానల్‌కు ఒక్కో గుండ్రని సాకెట్) ఉంటాయి. ఎరుపు కుడివైపుకు, తెలుపు ఎడమవైపుకు. వీటికి ఒక కొసన 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, రెండో కొసన రెండు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న కేబుల్ చాలు. అందులో పొరబడడానికి ఏమీ లేదు. స్టూడియో మానిటర్ల విషయంలోనే అసలు తికమక మొదలవుతుంది, అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌లో దూరే పిన్నుకు కొనన ఎడమ చానల్, మధ్య వలయంలో కుడి చానల్, మొదట్లో గ్రౌండ్ (రెండింటికీ ఉమ్మడి తీగ) ఉంటాయి. స్టూడియో మానిటర్‌కు ఉండే 6.35 మిల్లీమీటర్ల సాకెట్, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ బ్యాలెన్స్‌డ్ రకానివి. అంటే ఒకే చానల్ సిగ్నల్‌ను రెండు తీగల మీద, ఒకదానిలో నేరుగా, రెండోదానిలో తలకిందులుగా అందుకుని, వాటి మధ్య తేడాను మాత్రమే స్పీకర్ వినిపిస్తుంది. దారిలో పట్టుకున్న రొద రెండు తీగల మీదా ఒకే రకంగా ఉంటుంది కాబట్టి తేడా తీసినప్పుడు అది పోతుంది. ఇప్పుడు లాప్‌టాప్ స్టీరియో జాక్‌ను అటూ ఇటూ మూడు భాగాల పిన్నులున్న కేబుల్‌తో నేరుగా ఒక మానిటర్‌కు కలిపితే ఏమవుతుందో చూడండి. స్పీకర్ తన పద్ధతి ప్రకారం ఎడమ నుంచి కుడిని తీసివేస్తుంది. సినిమా పాటల్లో ప్రధాన గాయకుల గొంతునూ, బేస్‌నూ మిక్సింగ్‌లో సాధారణంగా సరిగ్గా మధ్యన, అంటే రెండు చానళ్లలో సమానంగా ఉంచుతారు. అవే ముందుగా మాయమవుతాయి. కోరస్, వయొలిన్లు, గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం ఎక్కడో దూరం నుంచి వచ్చినట్లు మిగులుతాయి. ఈ లక్షణం కనిపిస్తే స్పీకర్‌ను రిపేరుకు తీసుకువెళ్లకండి, కేబుల్ మార్చండి.

కావలసింది ఇది: ఒక కొసన 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, అక్కడి నుంచి రెండుగా చీలి, ఒక్కోదానికి 6.35 మిల్లీమీటర్ల మోనో పిన్ను. మోనో పిన్నుకు రెండు భాగాలే, అంటే ఒకే నల్లని గీత ఉంటుంది. కొనేటప్పుడు దాన్ని చూసే తీసుకోవాలి. ఒక స్టీరియో పిన్ను నుంచి ఒకే ఒక ఎక్స్‌ఎల్‌ఆర్‌కు వెళ్లే కేబుళ్లు కూడా అమ్ముతారు, వాటితోనూ పైన చెప్పిన గొంతు మాయమయ్యే చిక్కే వస్తుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో కేబుల్ తీసుకునేటప్పుడు పిన్నుల పేర్లు చెప్పడంతో సరిపెట్టకుండా, ఏ పరికరం నుంచి ఏ పరికరానికో చెప్పడం మంచిది. ఈ రకం కేబుల్ మూడు మీటర్లు దాటకుండా చూసుకోండి. గట్టి పిన్నులు, బిగుతైన సోల్డరింగ్, మంచి షీల్డు ఉన్న సాధారణ కేబుల్ చాలు. అంతకు మించి కేబుల్ మీద పెట్టే డబ్బుకు చెవికి దక్కేది ఏమీ లేదని నా దృఢమైన అభిప్రాయం.

హెడ్‌ఫోన్ జాక్‌తో పని జరిగితే మరో పరికరం ఎందుకు అని అడగవచ్చు. చాలా లాప్‌టాప్‌ల విషయంలో ఆ ప్రశ్న న్యాయమైనదే. పాట ఆపి, స్పీకర్ శబ్దం పెంచి వినండి. మౌస్ కదిలించినప్పుడు, ఫైలు కాపీ అవుతున్నప్పుడు సన్నని కీచు శబ్దం వినిపిస్తే, కంప్యూటర్ లోపలి సర్క్యూట్ల రొద సౌండ్ చిప్‌లోకి చేరుతున్నదని అర్థం. అప్పుడు యూఎస్‌బీతో పనిచేసే డ్యాక్ (డిజిటల్ సిగ్నల్‌ను శబ్ద సిగ్నల్‌గా మార్చే చిన్న పరికరం) గాని, ఆడియో ఇంటర్‌ఫేస్ (అదే పని చేస్తూ మైకు కలపడానికీ వీలిచ్చే పెట్టె) గాని కొనడం సబబు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో వంటి ఇంటర్‌ఫేస్‌కు వెనుక రెండు బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్లు ఉంటాయి కాబట్టి ఇక్కడ మాత్రం అటూ ఇటూ మూడు భాగాల పిన్నులున్న కేబుళ్లు రెండు తీసుకుని, ఒక్కో స్పీకర్‌కు ఒక్కోటి కలపాలి. శబ్దం పెంచే తగ్గించే నాబ్ చేతికి అందేలా బల్ల మీద ఉండడం మరో సౌకర్యం. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అనే ప్రమాణాన్ని పాటించే పరికరాలకు డ్రైవర్ విండోస్‌లోనే ఉంది, అయినా తయారీదారు డ్రైవర్ ఇస్తే దాన్నే వేసుకోవడం మేలు. బ్లూటూత్ సౌకర్యమే గాని, అది శబ్దాన్ని కుదించి పంపుతుంది, కొంత ఆలస్యం కూడా చేస్తుంది. బల్ల మీదే ఉన్న స్పీకర్‌కు తీగను వదులుకోవడానికి కారణం లేదు.

కంప్యూటర్‌లో సౌండ్ సెట్టింగులు తెరిచి, అవుట్‌పుట్‌గా సరైన పరికరం ఎంపికైందో లేదో చూడండి. విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనే అంశాన్ని ఆపేయండి. లాప్‌టాప్ చిన్న స్పీకర్ల కోసం చేసిన ఆ మార్పులు మంచి స్పీకర్లలో అసహజంగా వినిపిస్తాయి. శాంప్లింగ్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి నమోదు చేస్తారో ఆ లెక్క) సీడీ పాటలకు 44.1 కిలోహెర్ట్జ్, వీడియోలకు 48 కిలోహెర్ట్జ్. ఈ రెండింటిలో ఏది పెట్టినా సరిపోతుంది. 192కు పెంచినంత మాత్రాన పాటలో లేనిది పుట్టుకురాదు.

శబ్ద స్థాయి విషయంలో క్రమం ముఖ్యం. కంప్యూటర్‌లోనూ, పాట వినిపించే అప్లికేషన్‌లోనూ వాల్యూమ్‌ను 80 నుంచి 100 శాతం మధ్య ఉంచి, స్పీకర్ వెనుక నాబ్‌ను పూర్తిగా తగ్గించి, పాట నడుస్తుండగా మీరు మామూలుగా వినే అత్యధిక స్థాయి వచ్చే వరకు రెండు స్పీకర్ల నాబ్‌లనూ సమానంగా పెంచండి. ఆ తరువాత రోజువారీ పెంచడం, తగ్గించడం కంప్యూటర్‌లోనో ఇంటర్‌ఫేస్ మీదో చేసుకోవచ్చు. కంప్యూటర్‌లో తక్కువగా ఉంచి స్పీకర్‌ను పూర్తిగా పెంచితే యాంప్లిఫయర్ సొంత బుస కూడా పెరుగుతుంది. 305పీ వెనుక ఇన్‌పుట్ స్థాయికి ఒక స్విచ్ ఉంటుంది. లాప్‌టాప్ జాక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలకపోతే దాన్ని మైనస్ 10 వైపుకు, ఇంటర్‌ఫేస్ నుంచి వస్తుంటే ప్లస్ 4 వైపుకు ఉంచాలి. స్పీకర్లను అన్నిటికన్నా చివర ఆన్ చేసి, అన్నిటికన్నా ముందు ఆఫ్ చేస్తే ఢప్‌మనే దెబ్బ ట్వీటర్‌కు (హెచ్చు స్వరాలు పలికే చిన్న భాగానికి) తగలదు.

ఇక స్పీకర్లను నిలపడం. నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టేది దీని గురించే. ఎడమ స్పీకర్, కుడి స్పీకర్, వినేవారి తల మూడూ సమభుజ త్రిభుజపు మూలల్లో ఉండాలి. బల్ల దగ్గర అయితే ఒక్కో భుజం ఒక మీటరు ఉంటే చాలు. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్‌ను నేరుగా బల్ల చెక్క మీద పెడితే అది పొట్ట వైపుకు పాడుతుంది, బల్ల కూడా దానితో పాటు మోగుతుంది. చిన్న స్టాండు మీదనో, దళసరి స్పాంజి దిమ్మ మీదనో పెట్టి ఎత్తు సరిచేయండి. ఒక స్పీకర్ గోడ మూలన, మరొకటి ఖాళీలో ఉండకుండా చూసుకోవాలి. గోడకు ఆనించిన స్పీకర్ మంద్ర స్వరాలు 6 డెసిబెల్‌ల వరకు పెరగవచ్చు, మూలలో ఇంకా ఎక్కువ. వెనక్కి జరపక తప్పని ఇంట్లో హెచ్‌ఎస్5 వెనుక ఉన్న రూమ్ కంట్రోల్ స్విచ్‌ను మైనస్ 2కో మైనస్ 4కో మార్చి విని చూడండి.

గదికి కూడా సొంత స్వరం ఉంటుంది. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ వద్ద, 12 అడుగులుంటే సుమారు 47 హెర్ట్జ్ వద్ద గాలి స్థిర తరంగంగా, అంటే ముందుకు సాగకుండా ఒకే చోట నిలిచి, ఊగుతుంది. ఆ స్వరం గోడల దగ్గర ఉబ్బిపోయి, సరిగ్గా గది మధ్యలో దాదాపు వినిపించకుండా పోతుంది. అందుకే కుర్చీని గోడకు ఆనించి కాకుండా, నట్టనడుమ కాకుండా, గది పొడవులో మూడో వంతు దాటిన చోట వేసుకోవాలి. మన ఇళ్లలో విట్రిఫైడ్ టైల్స్ లేదా గ్రానైట్ నేల, సున్నం గోడలు, కాంక్రీటు స్లాబు ఉంటాయి. వీటిలో ఏ ఉపరితలమూ శబ్దాన్ని అంతగా పీల్చుకోదు. మందపాటి కర్టెన్లు, నేల మీద జంపఖానా, పుస్తకాల బీరువా, పరుపు ఉన్న మంచం హెచ్చు స్వరాలను చాలావరకు సాధువు చేస్తాయి. ఇంకా నిశితంగా చేయాలనుకుంటే, మీరు కుర్చీలో కూర్చుని, మరొకరిని పక్క గోడ వెంట అద్దం జరపమనండి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోట బొంత గాని, దళసరి తెర గాని వేలాడదీయండి.

చివరిది గుయ్యిమనే శబ్దం. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక ఈ మోత 50, 100 హెర్ట్జ్‌ల వద్ద ఉంటుంది. లాప్‌టాప్ చార్జర్ తీసేసి వినండి. బ్యాటరీ మీద శబ్దం ఆగిపోతే, లాప్‌టాప్ ఎర్త్, స్పీకర్ ఎర్త్ వేర్వేరు దారుల్లో గోడలోకి పోయి, మధ్యలో ఆడియో కేబుల్‌తో ఒక చుట్టు పూర్తయిందని తెలుస్తుంది. కంప్యూటర్‌ను, స్పీకర్లను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడిపితే చాలా ఇళ్లలో సమస్య తీరుతుంది. తీరకపోతే బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఉన్న ఇంటర్‌ఫేస్ గాని, మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (ఆ చుట్టును తెంచే చిన్న పరికరం) గాని వాడాలి. చవక ఐసోలేటర్‌లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, అవి మంద్ర స్వరాలను కొంత మింగేస్తాయి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారినప్పుడు మాత్రమే బరబరమనే మోత వస్తే, ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయి ఉంటుంది. దాన్ని కేబుళ్లతో సరిచేయలేరు. ఆ సమయంలో స్పీకర్లను ఆపేయడమో, సైన్ వేవ్ ఇన్వర్టర్‌కు మారడమో చేయాలి.

మోత పోగొట్టడానికి ప్లగ్గుకు పైన ఉండే ఎర్త్ పిన్ను తీసేయమని, ఎర్త్ తీగ కత్తిరించమని సలహా ఇచ్చేవారు ఉంటారు. దాన్ని ఎప్పుడూ పాటించకండి. లోపల ఒక తీగ ఊడి లోహపు ప్యానెల్‌ను తాకితే, ఎర్త్ లేని స్పీకర్‌ను ముట్టుకున్న వ్యక్తి గుండా 230 వోల్టుల కరెంటు పోతుంది. లాప్‌టాప్ లోహపు ఒంటిని తాకినప్పుడు వేలికి జిలజిల అనిపిస్తే మీ ఇంటి సాకెట్‌లో ఎర్త్ సరిగా లేకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య సుమారు 230 వోల్టులు, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య కొద్ది వోల్టులు మాత్రమే రావాలి. ఆ కొలతలు సరిగా వచ్చిన సాకెట్‌కే ఎక్స్‌టెన్షన్ బోర్డును కలపండి.