టర్బో కారులో గాలి లీకును పట్టుకోవడం ఎలా?

చౌటుప్పల్ దాటి సూర్యాపేట వైపు వెళ్తూ లారీని ఓవర్‌టేక్ చేయబోతే పికప్ అందకపోయినా, రేస్ ఇచ్చినప్పుడు బోనెట్ కింద ‘స్స్’ మన్నా, డీజిల్ బండి నల్లపొగ వదిలినా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పోయిందని వెంటనే తీర్మానించకూడదు. ముందు దానికి అటూ ఇటూ ఉన్న గొట్టాలను పరీక్షించాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి కనుక నల్లగొండ ఎండల్లో తెల్లవారుజామే ఈ పనికి అనువైన సమయం. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు, అక్కడి నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా, సిలిండర్లకు గాలిని పంచే ఇంటేక్ మానిఫోల్డ్‌కు వెళ్లే దారంతా టార్చి వేసి చూడాలి. క్లిప్పుల దగ్గర పలుచటి నూనె జిడ్డు మామూలే. ఒక్కచోటే తడిసి, దుమ్ము నల్లటి ముద్దగా అంటుకుని ఉంటే అక్కడే అనుమానించాలి. గొట్టం అడుగున ఉన్న చీలిక దాన్ని వేళ్లతో వంచితే గానీ బయటపడదు.

కంటికి ఏమీ దొరకకపోతే, గాలి కొలిచే సెన్సార్ తర్వాత గొట్టాన్ని విప్పి, దాని మూతికి టైరు వాల్వ్ అమర్చిన బిగుతైన మూతను క్లిప్పుతో బిగించాలి. ఇంజిన్ లోపలి ఆవిరిని ఆ గొట్టంలోకి తెచ్చే బ్రీదర్ పైపును మూసేయాలి, లేకపోతే గాలి క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ అడుగు భాగంలోకి) వెళ్లి ఆయిల్ సీళ్లను నెట్టివేస్తుంది. పంక్చర్ షాపు గాలి మిషను పీడనం చాలా ఎక్కువ కాబట్టి రెగ్యులేటర్ తప్పనిసరి. 5 పీఎస్ఐతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. 15 దాటాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ముఖం పక్కకు పెట్టుకుని, కరెంటు కనెక్టర్లు తడవకుండా అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే, లీకున్న చోట బుడగలు ఉబుకుతాయి. తెరిచి ఉన్న ఇంజిన్ వాల్వుల గుండా కొంత గాలి సైలెన్సర్ వైపు పోతుంది, అది లోపం కాదు.

టర్బోకు ముందున్న లీకును చిన్నదని వదిలేయడం పొరపాటు. బండి నడుస్తున్నప్పుడు అది గాలిని బయటకు వదలదు, వడకట్టని గాలిని లోపలికి పీలుస్తుంది. పత్తి చేల మట్టిబాటల దుమ్ము నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరిగే టర్బో రెక్కలకూ, ఆపైన సిలిండర్లకూ చేరుతుంది.

గాలి మొత్తం వదిలాకే మూతను విప్పాలి. చీలిన గొట్టానికి టేపు చుట్టడం కన్నా కొత్తది వేయడమే మేలు, టేపు ఆ వేడికీ నూనెకూ నిలవదు. క్లిప్పును రబ్బరు కోసుకుపోయేంతగా బిగించకుండా ఇంకోసారి గాలి పట్టి చూసి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే బ్రీదర్ పైపుకు పెట్టిన అడ్డును తీసి, విప్పిన గొట్టాన్ని యథాస్థానంలో బిగించాలి.