పిట్టలతో కార్తీక వనభోజనం ఎలా చేసుకోవాలి?

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు ఉండే తెలుగువాళ్లకి కార్తీకం వస్తే వనభోజనాలు ఉండాల్సిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే చిలికా సరస్సులో వలస బాతులు దిగుతుంటాయి. పిట్టలంటే ఇష్టం ఉన్న నలుగురు స్నేహితులు కలిస్తే రెండూ ఒకే పూటలో జరిగిపోతాయి. మామూలు వనభోజనానికీ దీనికీ తేడా పెద్దగా లేదు. తిరగడం తగ్గించి, ఒకచోట కూర్చోవడం పెంచాలి, అంతే.

1. ముందుగా ఏ రోజో చూసుకోండి

దసరా నుంచే మొదలుపెట్టొచ్చు గానీ అక్టోబర్ మనకి తుపాన్ల నెల. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే కార్యక్రమం వాయిదా వేసేయండి, మొహమాటం వద్దు. పైగా అక్టోబర్‌లో బాతులు అప్పుడప్పుడే వస్తుంటాయి, డిసెంబర్, జనవరి నెలల్లో నిండుగా ఉంటాయి. రెండు విధాలా చూస్తే నవంబర్ మధ్య మంచిది. నవంబర్ 12 మన దేశపు పేరున్న పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు కూడా.

మీలో ఒడియా స్నేహితులు ఉంటే వాళ్ల కార్తీకం చివరి ఐదు రోజులు, అంటే పౌర్ణమితో ముగిసే పంచుక, పెట్టుకోండి. ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని వాళ్లు చెప్పుకుంటారు, అందుకే బక పంచకం అని కూడా అంటారు. అందరూ శాకాహారమే కాబట్టి వంట గొడవ ఉండదు. చెరువు గట్టున పిల్లలకి ఈ మాట చెప్పి, తెల్లకొంగ ఏం చేస్తుందో చూస్తూ ఉండమనండి. గంటసేపు వాళ్లు అక్కడి నుంచి కదలరు. పౌర్ణమి రోజు మాత్రం వద్దు. బొయిత బందాణ కోసం తెల్లవారకముందే జనం నీళ్లలో చిన్న పడవలు వదలడానికి వస్తారు. అది చూడాల్సిన పండగే, కానీ పిట్టలు దగ్గరికి రావు.

2. చోటు ఎంచుకోండి

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఛత్రపురం పక్కనున్న తంపరా సరస్సు. మంచినీటి సరస్సు, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో కూడా ఉంది. ఎక్కువ నడవక్కర్లేదు.

బాతులు బాగా చూడాలంటే రంభ. చిలికాకి దక్షిణపు కొస ఇది, మన గంజాం జిల్లాలోనే ఉంది. చెన్నై-హౌరా లైన్లో స్టేషన్ ఉంది కాబట్టి ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లకీ వీలు. చిలికా 1981లోనే రామ్‌సర్ గుర్తింపు పొందింది.

పిట్టలతో పాటు జంతువులు కూడా కావాలంటే తిరుగు దారిలో గంజాం జిల్లాలోనే ఉన్న భేట్నోయి ఊరు చేర్చుకోండి. అక్కడ పొలాల్లో కృష్ణజింకలు మేస్తుంటాయి. అవి తిరిగితే ఊరికి మంచిదని అక్కడి రైతులు తరతరాలుగా నమ్ముతున్నారు, పైరు మేసినా తరమరు. ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింక, ఒడిశా రాష్ట్ర పక్షి పాలపిట్ట. రెండింటినీ ఒకే జిల్లాలో ఒకే రోజు చూడగలగడం నాకు ఎప్పటికీ గొప్ప విషయమే. అక్కడ భోజనాలు పెట్టుకోకండి. రోడ్డు మీద నుంచే చూసి రండి, పొలాల్లోకి దిగితే ఆ రైతుల పంట తొక్కినట్టు.

3. ఎవరేం తేవాలో పంచుకోండి

పులిహోర, దద్దోజనం, ఉసిరికాయ పచ్చడి మనవాళ్లు తెస్తే, ఉల్లి, వెల్లుల్లి లేని దాల్మా (కూరగాయల పప్పు) ఒడియావాళ్లు తెస్తారు. బరంపురం అప్పడాలు ఇంట్లోనే వేయించి డబ్బాలో పెట్టుకోండి. గట్టున పొయ్యి వెలిగించొద్దు. ఉసిరి చెట్టు లేకపోతే ఇంటి నుంచే ఒక కొమ్మ తీసుకెళ్లండి, అక్కడ చెట్లు విరవకండి. మైకు, స్పీకర్ అసలు వద్దు.

బైనాక్యులర్స్ 8×42 రకం (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది) ఒకటి ఉంటే ముగ్గురికి సరిపోతుంది. బయల్దేరే ముందు సరిచేసుకోవాలి: కుడి కన్ను మూసి మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి స్పష్టంగా కనబడేలా చేయండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరున్న రింగు తిప్పండి. చాలామంది ఈ రెండో పని చేయరు, అందుకే తలనొప్పి అని పక్కన పడేస్తారు. పిట్ట కనబడగానే దాని మీద నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్స్ కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. తల దించి వెతికితే మళ్లీ దొరకదు.

4. ఆరు గంటలకల్లా గట్టున కూర్చోండి

పొద్దున్న తూర్పు గట్టున కూర్చుని పడమర వైపు చూడాలి. ఎండ వీపు మీద పడుతుంది, పిట్టల రంగులు తెలుస్తాయి. ఎదురెండలో అన్నీ నల్లగానే ఉంటాయి. మొదటి పావుగంట ఏమీ లేదనిపిస్తుంది, లేచి వెళ్లిపోకండి. మీరు కదలకపోతే దూరం జరిగిన పిట్టలు తిరిగి వస్తాయి.

నల్లతెలుపు లకుముకి పిట్టని చూడండి. నీళ్లకి పైన ఒకేచోట రెక్కలు ఆడిస్తూ, ముక్కు నిలువునా కిందికి పెట్టి ఆగుతుంది. ఒళ్లంతా కదులుతున్నా తల కదలదు. ఉన్నట్టుండి రాయిలా పడుతుంది. చాలాసార్లు ఖాళీ ముక్కుతోనే లేచి, మళ్లీ అదే ఎత్తులో నిలబడుతుంది. కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంటే దానికి కూడా సమయం ఇవ్వండి. ముడుచుకుని కూర్చున్నప్పుడు గోధుమరంగు రొమ్ముతో మామూలుగా ఉంటుంది. గడ్డిలో మిడత కదలగానే కిందికి దూకుతుంది, అప్పుడు రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. దసరా నాడు దీన్ని చూసి దండం పెట్టుకున్న మనకి అసలు అందం ఇక్కడే దొరుకుతుంది.

కొత్తవాళ్లకి ఒక మాట. పుస్తకంలో బొమ్మ చూసి వచ్చి, బాతులన్నీ బూడిద గోధుమ రంగులో ఉన్నాయేంటని టెన్షన్ పడొద్దు. ఈకలు మార్చుకునే సమయం కాబట్టి సూదితోక బాతు లాంటి వాటిలో మగవి కూడా వచ్చిన కొత్తలో ఆడవాటిలాగే ఉంటాయి. చలికాలం ముదిరేకొద్దీ రంగు వస్తుంది. అందాకా ఆకారం, ముక్కు, మేత తీరు చూడండి: తోక పైకెత్తి తల నీళ్లలో ముంచేది సూదితోక బాతు, గరిటె ముక్కుతో నీటి పైపైన జల్లెడ పడుతూ పోయేది షోవెలర్.

పేరు తెలిసినవాళ్లు వెంటనే చెప్పేయకండి. పక్కవాళ్లు ముందు తాము చూసింది చెప్పాలి, "వదినా, కాళ్లు ఏ రంగు?" అని అడగండి. స్నేహితులతో వెళ్లడంలో ఉన్న ఆనందం ఈ మాటల్లోనే ఉంది.

5. పడవ ఎక్కితే

బేరం కుదుర్చుకునేటప్పుడే చెప్పండి: "భాయినా, గుంపుకి దూరంగానే ఇంజన్ ఆపేయండి." బాతులు మేత మాని తలలెత్తాయంటే ఎక్కువ దగ్గరికి వచ్చినట్టే. వెనక్కి తిప్పించండి. ఫొటో కోసం గుంపుని లేపించడం పాపం అని నేను గట్టిగా అంటాను. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ప్రాణం తిన్న తిండి ఆ పరుగులోనే కరిగిపోతుంది. ఎవరైనా బాతు మాంసం అమ్మజూపితే కొనకండి, అటవీశాఖకి చెప్పండి. వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

6. భోజనాల తర్వాత

ఆకులు ఎత్తక ముందే లిస్టు రాసేయండి, ఇంటికెళ్లి రాద్దామంటే సగం మర్చిపోతారు. ఒకరు ఫోన్లో ఈబర్డ్ యాప్‌లో సంఖ్యలతో సహా నమోదు చేసి మిగతావాళ్లకి షేర్ చేయాలి. తెలియని పిట్ట ఉంటే ఊహించి పేరు పెట్టకుండా "బాతు, రకం తెలియదు" అనే రాయండి. ఆ లిస్టు పట్టుకుని జనవరిలో అదే గట్టుకి మళ్లీ వెళ్తే, గోధుమరంగు బాతుల్లో మగవి ఏవో చూడగానే చెప్పేస్తారు.