తోట దాకా వచ్చేసరికి వైఫై ఎందుకు నీరసిస్తుంది?

అనంతపురం జిల్లా చీనీ తోటల్లో బోరు షెడ్డుకు కెమెరా పెట్టుకున్నవాళ్ల గోడు ఇది: మిద్దె మీద నెట్ బాగుంటుంది, షెడ్డు దగ్గర మాత్రం బొమ్మ కదలదు.

మధ్యలో రెండు రిపీటర్లు (సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పెట్టెలు) ఉన్నాయనుకోండి, అంటే మిద్దె నుంచి షెడ్డు దాకా మూడు హాప్‌లు, అంటే మూడు అంగలు. వేగం వరుసగా 40, 20, 13 ఎంబీపీఎస్ దగ్గరికి పడిపోతోందా? అయితే సిగ్నల్‌ను అనుమానించకండి. మిగతావి ఆపి ఒక్కో హాప్‌నే విడిగా కొలవండి. ఒంటరిగా ప్రతిదీ 40 ఇస్తుంటే గొడవ చానల్‌దే, అంటే రేడియోలు మాట్లాడుకునే దారిదే.

ఒకే రేడియో ఉన్న రిపీటర్ వింటున్నప్పుడు పంపలేదు. పైగా మూడు హాప్‌లూ ఒకే చానల్‌లో ఉంటే ఒకటి మాట్లాడుతున్నంతసేపూ మిగతా రెండూ నోరు మూసుకోవాలి. ఇక్కడ చాలామంది చేసే పని పవర్ పెంచడం. దాంతో ఒకరి గోల ఇంకొకరికి మరింత దూరం వినబడుతుంది, అంతే.

రిపీటర్‌కు రెండు రేడియోలు కావాలి, ఒకటి ఊరి వైపు, ఒకటి తోట వైపు. 5 గిగాహెర్ట్జ్‌లో మొదటి హాప్‌కు 36వ నంబరు చానల్, రెండోదానికి 149, మూడోదానికి 44 ఇవ్వండి. 36, 44 పక్కపక్కవే కదా అంటారేమో. అవి ఒకే స్తంభం మీద కలవవు. ఒకే స్తంభం మీద దగ్గరి చానళ్లు పెడితే ఒక రేడియో అరుపుకు రెండోదాని చెవి మూసుకుపోతుంది. చానళ్లు దూరంగా ఉన్నా యాంటెన్నాలను మాత్రం ఆనించి బిగించకండి, పైనా కిందా ఎడంగా కట్టండి. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 80 పెడితే 36 నుంచి 48 దాకా ఒకే ముద్ద అవుతుంది, వేసిన లెక్కంతా వృథా. షెడ్డులో ఫోన్లకు 2.4 గిగాహెర్ట్జ్ వదిలేయండి. 1, 6, 11 చానళ్లలో ఖాళీగా ఉన్నది చూసుకోండి.

వేగం బాగుండి, ఉన్నట్టుండి లింకు తెగి ఒక నిమిషానికో ఇంకాస్త ఆలస్యంగానో వస్తోందంటే చానల్ "ఆటో"లో ఉందేమో చూడండి. 52 నుంచి 144 దాకా చానళ్లలో రాడార్ జాడ తగిలితే రేడియో తప్పుకోవాలి. అదే వరుసలో ఇంకో చానల్‌కు వెళ్తే కనీసం 60 సెకన్లు విని గాని మొదలుపెట్టదు. హాప్‌లకు చానల్ చేత్తోనే పెట్టండి.

రోజూ ఒకే వేళకు పోతోందా? రిపీటర్‌ను మోటారు లైనుకు తగిలించి ఉంటారు. వ్యవసాయ కరెంటు పోగానే అదీ పడుకుంటుంది. చిన్న సోలార్ ప్లేటు, బ్యాటరీ పెట్టండి.