వానాకాలం పొద్దున్నే కారు మొండికేస్తే
మాది పర్లాకిమిడి. నాది కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది) ఉన్న పాత మారుతి 800. మహేంద్రగిరి వైపు ముసురు పట్టిందంటే మర్నాడు స్టార్టింగ్‌కి తిప్పలే.

ముందు సెల్ఫ్ చప్పుడు వినండి. టిక్కుమని ఆగిపోతే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినళ్లకు తెల్లపొడి పట్టి ఉండాలి. నెగెటివ్ ముందు విప్పి, వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించండి.

సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచేది) క్యాప్ తీసి చూడండి. మొన్న నా బండిలో లోపలంతా సన్నగా చెమట పట్టింది. పొడిగుడ్డతో తుడిచాను, ఒక్క తిప్పుకే అందుకుంది. వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే మాత్రం క్యాప్ మార్చాల్సిందే, స్పార్క్ ఆ గీత వెంటే పారిపోతుంది.

మిస్సింగ్ ఉంటే, అంటే ఏదో సిలిండర్ సరిగా మండక ఇంజిన్ కుదుపుతూ నడుస్తుంటే, ఇంజిన్ ఆపి ఒక ప్లగ్ వైరు తీయండి. దాని కొనకు పాత ప్లగ్ తగిలించి, ఇంజిన్ ఇనుముకు ఆనించి పెట్టి, స్టార్ట్ చేసి వినండి. ఉన్నవి మూడే సిలిండర్లు, ఒక్కొక్కటిగా ఇలాగే చూడండి. చప్పుడు మారకపోతే జబ్బు అక్కడే. ఇంజిన్ ఆపి, చల్లారాక ఆ సిలిండర్ ప్లగ్ విప్పండి. బిస్కెట్ రంగైతే మంచిదే. పొడి మసి అంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ పాలు పెంచేది) కేబుల్ పూర్తిగా వెనక్కి వెళ్తోందో లేదో చూడండి. ఆయిల్ జిడ్డైతే మెకానిక్ పని.

ఇవన్నీ చూడకుండా కార్బ్యురేటర్ స్క్రూలు మాత్రం తిప్పకండి, దయచేసి.